దిగుడు దారిలో గడియారం

గడియారాలు బాగుచేసే మనిషి లారీ డ్రైవరవుతాడని ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే, అందరికంటే ముందు నవ్వేవాడు అతనే. ఇరవై ఏళ్లకు పైగా ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోయే మరచీలలను పట్టుకారుతో ఒడిసి పట్టుకుంటూ బతికినవాడు. అతని కొట్టు ఎంత ఇరుకంటే, ఇద్దరు గిరాకీలు ఒకేసారి వస్తే రెండో మనిషి వీధిలో నిలబడి బేరమాడాల్సిందే. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ రెండో మనిషి రావడం మానేశాడు. తరవాత మొదటి మనిషీ మానేశాడు. ఆఖరి ఏడాది ఆ కొట్లో పనిచేసినవి గోడ మీది గడియారాలే.

ఇంట్లో అందరూ మొహమొహాలు చూసుకుంటున్న రోజుల్లో బావమరిది ఓ సలహా పట్టుకొచ్చాడు.

"లారీ నడుపు బావా. డ్రైవర్లు దొరక్క కంపెనీలు నెత్తిన చేతులు పెట్టుకున్నాయి."

"నేను ఇంతవరకూ నడిపిన పెద్ద బండి మన స్కూటరేరా."

"చక్రాలు పెరుగుతాయి, అంతేగా!" అన్నాడు బావమరిది. అతను ఓ బట్టల దుకాణంలో గుమాస్తా. లారీని రోడ్డు దాటేటప్పుడు తప్ప దగ్గరగా చూసి ఎరగడు.

లైసెన్సు పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారి అతన్ని చూడగానే పరీక్షాధికారి కళ్లజోడు తీసి తుడుచుకుని, "మళ్లీ మీరేనా!" అన్నాడు. ఆ రోజు మాత్రం అదృష్టం బాగుంది, పాసయ్యాడు. సామాన్లు చేరవేసే ఓ కంపెనీలో ఉద్యోగమూ దొరికింది.

యార్డులో అడుగుపెట్టిన మొదటి రోజే అతనికి పేరు పెట్టేశారు. లారీ ఎక్కమంటే ఎక్కకుండా, ఇంజిను పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఏం చేస్తున్నావని మెకానిక్ అడిగితే, "వింటున్నాను, లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది" అన్నాడు. అంతే, ఆ క్షణం నుంచి అతను గడియారం. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

ఆ చెవే అతని ప్రాణానికి యముడైంది. చీమంత చప్పుడులో కూడా లోపం పట్టే చెవి అది. లారీ అంటేనో, చప్పుళ్ల పుట్ట. సీటు కిర్రుమంటుంది, తలుపు కటకటలాడుతుంది, బ్రేకులు బుస్సుమంటాయి. ఒక్కో చప్పుడుకీ గడియారం గుండె ఒక్కో మెట్టు దిగేది. ఒకసారి వెనకాల ఏదో విరిగిపోతోందని నిశ్చయించుకుని, దారిలో మూడు చోట్ల బండి ఆపి, కింద దూరి వెతికాడు. చివరికి చూస్తే సీటు వెనక పెట్టుకున్న టిఫిను డబ్బా మూత.

పని నేర్పడానికి మొదట్లో పక్కన ఒక పాత డ్రైవరు కూర్చునేవాడు. యార్డంతా ఆయన్ని బాబాయి అనే పిలిచేది. బాబాయి పక్కనున్నంతకాలం గడియారం భయానికి సగం వాటాదారు ఉన్నట్టుండేది. నాలుగు రోడ్లు కలిసేచోట గుండ్రంగా తిరిగే దారిలోంచి బయటపడే సందు దొరక్క, అతను చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే, బాబాయి చిరాకు పడకుండా కిటికీలోంచి చూస్తూ, "ఆ పూలకుండీ బాగుంది కదరా. ఇందాక కూడా బాగానే ఉంది" అనేవాడు.

విడిపోయే రోజున బాబాయి ఒకే ఒక్క ముక్క చెప్పాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఏం చేస్తున్నావో పైకి చెప్పుకుంటూ నడుపు. అద్దం చూశాను, గేరు మార్చాను, ఇలాగ. నోరు పనిలో ఉంటే గుండె దడ వినపడదు."

"మీరూ అలాగే నడిపేవారా?"

"నేను పాడేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి బండెక్కి విని, మళ్లీ ఎక్కలేదు."

ఆ మర్నాటి నుంచి గడియారం ఒంటరివాడయ్యాడు. అద్దంలో చూస్తే తన వెనక ఒక వీధంత పొడుగు బండి. అదంతా తనదే. తను మలుపు తిరిగాక చాలాసేపటికి దాని తోక తిరిగేది. గోడౌన్ గుమ్మానికి బండిని వెనక్కి పెట్టాలంటే మరీ నరకం. స్టీరింగు ఎడమకు తిప్పితే వెనక భాగం కుడికి పోతుంది. ఈ సంగతి బుర్రకు తెలుసు, చేతులకు తెలీదు. లోడు దించే కూలీలు బీడీలు వెలిగించుకుని, ఇది ఇప్పట్లో తెమిలే వ్యవహారం కాదని కింద చతికిలబడేవారు.

ఇంటికి వెళ్లాక మాత్రం కథ వేరు. అతని భార్య లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. మాట కూడా ఇస్త్రీ పెట్టెలాంటిదే, వేడిగా, తిన్నగా వస్తుంది. ఆవిడ "ఎలా ఉందండీ పని?" అని అడగడమే ఆలస్యం, "అబ్బో! వెన్న మీద కత్తిలా పోతుందనుకో. ఒక్క వేలితో తిప్పేస్తున్నా" అని కోతలు కోసేవాడు. అన్నం మాత్రం సగంలోనే వదిలేసేవాడు. అడిగితే దారిలో తిన్నానని అబద్ధం. నిజానికి పొద్దున లేచింది మొదలు కడుపులో ఎవరో పేడ కలుపుతున్నట్టు ఉండేది అతనికి.

అలా మింగలేక కక్కలేక రోజులు నెట్టుకొస్తుండగా, ఒక పొద్దున ఆఫీసులోని డిస్పాచరమ్మ అతన్ని పిలిచింది. ఏ బండి ఎటు వెళ్లాలో చెప్పేది ఆవిడే. వయసులో చిన్నదైనా డ్రైవర్లందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు, మంచి దారి కావాలిగా మరి.

"గడియారం అన్నా, ఇవాళ కొండదారి లోడు మీరు తీసుకెళ్లాలి. పింగాణీ సింకులు. కొండన్నకి మళ్లీ పంటినొప్పి."

కొండన్న యార్డులోకల్లా పెద్ద డ్రైవరు. మనిషీ పెద్దే, గొంతూ పెద్దే, మీసాలు ఇంకా పెద్దవి. బూరెలా ఉబ్బిన ఎడమ చెంపను చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆ దారికేముంది తమ్ముడూ," అన్నాడు మూలుగుతూ. "కళ్లు మూసుకుని దిగొచ్చు."

కళ్లు మూసుకోవడం ఒక్కటే తనకు బాగా వచ్చని గడియారం చెప్పాలనుకున్నాడు. చెప్పలేకపోయాడు. కాదంటే పరువు పోతుంది, అవునంటే ప్రాణం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల మాత్రం దానంతటదే ఊగింది.

కొండ ఎక్కడం బాగానే ఎక్కాడు. ఎక్కేటప్పుడు బండే మూలుగుతుంది, మనిషి మూలగక్కర్లేదు. పైన, దిగుడు మొదలయ్యే ముందు, లారీలు ఆపి బ్రేకులు చూసుకోవడానికి ఒక ఖాళీ జాగా ఉంది. అక్కడ ఆపి బ్రేకులు చూశాడు. మళ్లీ చూశాడు. చక్రాలు చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగలక కింది దారికేసి చూశాడు. పాము కుబుసంలా వంకర్లు తిరుగుతూ లోయలోకి జారిపోతోంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

సీట్లోకి ఎక్కి కూర్చున్నాడో లేదో, ఎదురుగా తగిలించిన ఫోను మోగింది. డిస్పాచరమ్మ.

"ఎక్కడున్నారన్నా?"

"ఇక్కడే."

"ఇక్కడే అంటే?"

"పైనే. ఇదిగో, దిగుతున్నా. ఉంటా మరి."

దారికేసి చూస్తూనే ఫోను మీద ఒకచోట నొక్కాడు. పని పూర్తయిందనుకున్నాడు. తరవాత రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, బాబాయిని తలుచుకుని, నోరు తెరిచాడు.

"ఇదిగో చూడు తల్లీ," అన్నాడు లారీతో. "నీకు నేను కొత్త, నాకు నువ్వు కొత్త. కిందికి చేరేదాకా ఒకరి మాట ఒకరు విందాం. ఆ తరవాత నీ దారి నీది, నా దారి నాది. రెండో గేరు వేశాను. వేశానా? వేశాను. కదిలావు. ఎందుకు కదిలావు? సరే, నేనేగా కదిలించింది."

బండి ముక్కు కిందికి వాలింది. వెనక సింకులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఆ చెవికి ఒక్కో సింకూ విడివిడిగా వినిపించింది.

"బ్రేకు తొక్కాను. వదలాలి. పట్టుకునే ఉంటే బ్రేకు కాలిపోతుందని బాబాయి చెప్పాడు. నేను పట్టుకోలేదు, నా కాలు పట్టుకుంది. కాలూ, వదలవే! నీకు దండం పెడతా, వదలవే! ఆ, వదిలింది. మొదటి మలుపు. అద్దం చూశాను. ఎడమపక్క లోయ. లోయను చూడను. చూడను గాక చూడను. చూశాను! దరిద్రపు కన్ను, భూతద్దం లేకపోయినా అంతా కనిపిస్తుంది దీనికి."

వెనక కార్లు బారులు తీరాయి. ఒకడు హారను వాయించడం మొదలుపెట్టాడు.

"కొట్టు నాయనా, కొట్టు. నీకు త్వరగా వెళ్లాలనుంది, నాకు త్వరగా పోవాలని లేదు. మళ్లీ తొక్కాను. వదిలాను. రెండో మలుపు. అమ్మా సింకులూ, గోల చెయ్యకండి. మీకేం, పగిలితే కొత్తవి పంపుతారు. నేను పగిలితే మా ఆవిడకి కొత్తది పంపరు."

ఆ మాట అన్నాక భార్య గుర్తొచ్చింది.

"దిగితే ఆవిడకి నిజం చెప్పేస్తాను. ఒక్క వేలితో తిప్పుతున్నానని చెప్పాను. ఉన్న పది వేళ్లూ చాలడం లేదు, ఇంకో పది అద్దెకి దొరికితే బాగుండు. పాపం నమ్ముతోంది పిచ్చిది. కాలరు సరిగా ఇస్త్రీ చెయ్యలేదని ఇక జన్మలో అనను. కాలరు బాగానే ఉంటుంది, నా మెడే వంకర. మూడో మలుపు! ఇదేంటి, ఇది మలుపా, చేపల గాలమా? తిప్పుతున్నా, తిప్పుతున్నా, తోక వస్తోందా? రావే తోకా..."

అక్కణ్ణుంచి కిందిదాకా అతను ఏమేం అన్నాడో అతనికే గుర్తు లేదు. రోడ్డు చదునుగా అయ్యి, కళ్లెదుట ఒక పెట్రోలు బంకూ, దాని ముందు ఆవులిస్తున్న కుక్కా కనిపించినప్పుడు తెలిసింది, దిగిపోయానని. బండి పక్కకు తీసి దిగాడు. చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. హారను కొట్టిన కారువాడు పక్కనుంచి పోతూ ఏదో తిట్టాడు. గడియారం వాడికి చిరునవ్వుతో చెయ్యి ఊపాడు. ఆ నిమిషాన అతనికి లోకంలో శత్రువులు లేరు.

సింకులు దించేసి, ఖాళీ బండితో సాయంత్రానికి యార్డుకి తిరిగొచ్చాడు. లోపలికి రాగానే ఏదో తేడాగా అనిపించింది. ఎప్పుడూ ఎవరి గొడవ వాళ్లదిగా ఉండే జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ జరిపారు. ఇంకెవరో చేతిలో టీ పెట్టారు. ఇన్నాళ్లలో అతనికి అక్కడ ఒక్కరూ టీ ఇచ్చిన పాపాన పోలేదు.

మెకానిక్ దగ్గరికొచ్చి ఆప్యాయంగా అడిగాడు. "మెడ ఎలా ఉంది?"

"ఏ మెడ?"

"అదే, వంకర మెడ."

గడియారం టీ పక్కన పెట్టేశాడు. మెడ సంగతి తను కొండ మీద లారీతో తప్ప ఎవరితోనూ అనలేదు. డిస్పాచరమ్మ కేసి చూశాడు. ఆవిడ నేల చూపులు చూసింది.

"మీరు ఫోను పెట్టెయ్యలేదన్నా."

"పెట్టేశానే!"

"స్పీకరు నొక్కారు."

"పోనీ మీరైనా పెట్టెయ్యొచ్చుగా!"

"ఎలా పెట్టేస్తామన్నా?" అంది ఆవిడ, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. "మూడో మలుపు దగ్గర!"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది పృథివి దాకా పోలేదు గానీ, యార్డు మొత్తానికీ సరిపోయింది. లోడింగు ఆపేసి మరీ అందరూ ఆఫీసు గదిలో బల్ల చుట్టూ చేరి విన్నారట. అతను కింద కుక్కను చూసి "హమ్మయ్య" అన్నప్పుడు చప్పట్లు కూడా కొట్టారట. ఇదంతా మెకానిక్ చెబుతూ చెబుతూ, "కాలూ, వదలవే!" అని అతని గొంతుతో అనేసరికి, గదంతా ఘొల్లుమంది.

గడియారానికి భూమి చీలితే బాగుండుననిపించింది. భూమి చీలలేదు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అందులోంచి వెళ్లిపోయాడు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"రండి. ఏదీ, ఆ మెడ ఇలా చూపించండి."

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "నీకూ తెలిసిందా!"

"మీ ఆఫీసు అమ్మాయి కంగారుపడి నాకు ఫోను చేసింది, మీ ఆయనకి ఏదైనా జబ్బుందా అని. ఏమైందంటే, వినండి అని ఆ ఫోను ఈ ఫోను దగ్గర పెట్టింది. ఇస్త్రీ పెట్టె ఉన్నచోటే వదిలేసి విన్నాను. ఎవరిదో ప్యాంటు కాలిపోయింది."

"రేపట్నుంచి వెళ్లనే. తాళాలు ఇచ్చేసి వస్తా."

ఆవిడ పక్కనే కూర్చుంది. తరవాత తిన్నగా అంది.

"భయమేసి మానేస్తానంటే మానేయండి. అందరిళ్లలో ఎలా గడుస్తుందో మనకీ అలాగే గడుస్తుంది. నలుగురు నవ్వారని మానేస్తే మాత్రం ఊరుకోను. ఇంకో మాట. నేను నమ్మానని మీతో ఎవరన్నారు?"

"అంటే?"

"నిద్దట్లో నా కాలు బ్రేకనుకుని తొక్కుతున్నారండీ మీరు! నెల రోజులుగా నా కాలు వాచిపోయి ఉంది. ఒక్క వేలితో తిప్పే మనిషి రెండు కాళ్లతో తొక్కుతాడా? మీరే చెబుతారని చూస్తూ కూర్చున్నా. చివరికి మీరు చెప్పుకున్నది ఆ లారీతో!"

ఆ మాటలో వేడి ఉంది గానీ, ఆ వేడి కింద ముడత తీసే మెత్తదనం కూడా ఉంది. ఆ పూట గడియారం కంచం ఖాళీ చేశాడు.

మర్నాడు పొద్దున యార్డుకి వెళ్లాడు, తాళాలు ఇవ్వాలో వద్దో ఇంకా తేల్చుకోకుండానే. గేటు దాటగానే కొండన్న ఎదురొచ్చి, అతని భుజం మీద చెయ్యేసి, పాత టైర్లు పేర్చిన షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. ఆ చెయ్యి బరువుకే గడియారం ఒక పక్కకి ఒరిగిపోయాడు. వెటకారం మొదలవుతుందని పళ్లు బిగించి నిలబడ్డాడు. అలా నిలబడి కొండన్న మొహం చూస్తుంటే, ఏదో సరిగ్గా లేనట్టనిపించింది.

"అన్నా, నిన్న మీకు ఎడమ చెంప కదా వాచింది?"

"అవును. అయితే?"

"ఇవాళ కుడి చెంప వాచింది."

కొండన్న అటూ ఇటూ చూశాడు. తరవాత నోట్లో వేలుపెట్టి, గుప్పెడంత దూది ఉండ బయటికి తీశాడు.

"పొద్దున హడావుడిలో చూసుకోలేదు," అన్నాడు నీరసంగా. అంత పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం గడియారం ఎప్పుడూ వినలేదు.

"ఎందుకన్నా ఇది?"

"క్రితం ఏడాది ఆ దారిలో సగం దిగాక చక్రాల దగ్గర పొగొచ్చింది. ఏమీ కాలేదు. పక్కకి తీసి ఆపాను, చల్లారింది, దిగిపోయాను. ఎవరికీ చెప్పలేదు. కానీ అప్పట్నుంచి సింకుల పేరెత్తితే చాలు, నాకు చెమటలు. ఈ మీసాలు పెట్టుకుని భయమని ఎలా చెప్పను? అందుకే ఈ పంటినొప్పి."

గడియారం అతన్ని ఒక పాత టైరు మీద కూర్చోబెట్టాడు.

"నిన్న నేనూ విన్నా," అన్నాడు కొండన్న. "అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వా. కానీ నువ్వు కాలూ వదలవే అన్నప్పుడు, బల్ల కింద బిగుసుకుపోయిన నా కాలు వదిలింది తమ్ముడూ. ఒట్టు. ఇవాళ మళ్లీ సింకులున్నాయంటే అలవాటుగా దూది పెట్టుకొచ్చా. ఇక వద్దు, నేనే తీసుకెళతానని అక్కకి చెబుతా. నువ్వు పక్కన కూర్చుంటావా?"

డిస్పాచరమ్మ ఇద్దరినీ ఒకరి తరవాత ఒకర్ని చూసి, కారణమేదీ అడక్కుండా సరేనంది. తెలివైన మనిషి.

కొండ మీది ఖాళీ జాగాలో బ్రేకులు ఇద్దరూ కలిసి చూశారు. కొండన్న స్టీరింగు ముందు కూర్చుని, "ఇక నువ్వు చెప్పు" అన్నాడు.

"నేను చెబితే లాభం లేదన్నా. నోరు మీది కావాలి."

"నాకు సిగ్గుగా ఉంది."

"ఇక్కడ మనిద్దరమే. ఫోను మీ ముందే ఆపేశా, చూడండి."

కొండన్న గొంతు సవరించుకున్నాడు. మీసం సవరించుకున్నాడు. తరవాత, ఏదో పెద్దింటికి సంబంధం మాట్లాడ్డానికి వెళ్లినవాడిలా మొదలుపెట్టాడు.

"అమ్మా, నమస్కారం. రెండో గేరు వేస్తున్నానండి. తమరు కాస్త నెమ్మదిగా దిగితే మాకు సంతోషం."

గడియారం నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. చూస్తే అటు లోయ. నవ్వు చటుక్కున ఆగిపోయింది.

"లోయను చూశానన్నా," అన్నాడు.

"నేనూ చూశానండి," అన్నాడు కొండన్న లారీతో. "మా తమ్ముడూ చూశాడండి. తమరు మాత్రం చూడకండి. బ్రేకు తొక్కానండి. వదులుతున్నానండి. వదిలానండి!"

మలుపు తరవాత మలుపు అలా మర్యాదగా దిగారు. పోయినసారి పొగ వచ్చిన చోటికి రాగానే కొండన్న మర్యాద మాట మర్చిపోయాడు. "ఇక్కడే, ఇక్కడే" అంటూ చిన్నపిల్లాడిలా గొంతు చించుకున్నాడు. గడియారం తల బయటపెట్టి చక్రాల వైపు చూసి, చెవి ఒగ్గి విన్నాడు.

"పొగ లేదు. సింకులు తప్ప ఇంకేం చప్పుడు లేదు. వదలండి."

కొండన్న వదిలాడు. కింద పెట్రోలు బంకు దగ్గర బండి ఆపాక చాలాసేపు స్టీరింగు మీద తల వాల్చి కూర్చున్నాడు. లేచేసరికి మీసాలు తడిసి ఉన్నాయి. చెమటేనని తనే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.

సింకులు దించడానికి గోడౌన్ గుమ్మానికి బండిని వెనక్కి పెట్టే పని గడియారం తీసుకున్నాడు. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాల్సి వచ్చింది. కూలీలు కూర్చోబోయి, ఇంతలోనే అయిపోవడంతో మళ్లీ లేచారు.

తిరుగు ప్రయాణంలో స్టీరింగు గడియారం చేతికే వచ్చింది. ఎండ చల్లబడింది. ఖాళీ బండి తేలిగ్గా కొండెక్కుతోంది. కడుపులో ఆ పేడ కలపడం ఇంకా ఉంది, కానీ కలిపే మనిషి కాస్త అలిసిపోయినట్టున్నాడు. అద్దం చూశాను, గేరు మార్చాను, ముందు ఇసుక బండి పోతోంది అని పైకి చెప్పుకుంటూ నడుపుతున్నాడు.

కాసేపటికి పక్కనుంచి ఓ కొత్త చప్పుడు మొదలైంది. ఉలిక్కిపడి చెవి ఒగ్గాడు. ఇంజిను కాదు, తలుపు కాదు. కొండన్న గురక. ఇన్నేళ్లుగా బండ్లు తోలిన మనిషి, తన పక్కన, తను నడుపుతుండగా, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

గడియారం కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"మలుపు వస్తోంది," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.